అమ్మ దాచిన డబ్బాలు, అడుగున ఉన్న నంబర్లు

"యూజ్ అండ్ త్రో" అనే మాటని తెలుగులో ఒక్క ముక్కలో ఏమంటారా అని ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు చాలాసేపు ఆలోచించాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే కాబట్టి నా తెలుగు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అందుకని ఫోన్ చేసి అమ్మని అడిగాను. "యూజ్ అండ్ త్రో అనే అంటాం కదే" అంది. పక్కనే ఉన్న అమ్మమ్మ ఫోన్ తీసుకుని "పారేసేదానికి పేరెందుకే?" అంది.

నవ్వుకున్నాను గానీ, అమ్మమ్మ మాటలో విషయం ఉంది. పారేసేవాటికి మనకి పేరు లేదు, పారేయకుండా వాడుకునేవాటికి మాత్రం బోలెడు పేర్లున్నాయి. అన్నం వార్చిన నీళ్ళు గంజి. కడుగునీళ్ళలో తవుడూ తొక్కలూ కలిపి గేదెకి పెడితే కుడితి. పాత చీరలు మడతలు వేసి కుడితే బొంత. చిరిగిన బనీను వంటింట్లోకి వస్తే మసిగుడ్డ. ఒకవైపు రాసేసిన కాగితం చిత్తుకాగితం. పులుసు పిండేసిన చింతపండు పిప్పి, దాంతో ఇత్తడి బిందె తోమితే తళతళలాడుతుంది (చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం పైన పేరుకున్న చిలుముని కరిగిస్తుంది, అంతే కెమిస్ట్రీ). అంటే ఒక వస్తువు పని అయిపోగానే దాన్ని పారేయకుండా పేరు మార్చి ఇంకో ఉద్యోగంలో పెట్టేవాళ్ళన్నమాట.

మరి ఒక్కసారి వాడి పారేసేవి పూర్వం లేవా అంటే ఉన్నాయి. విస్తరాకు ఉంది కదా. మోదుగాకులో అడ్డాకులో పుల్లలతో కుట్టి, భోజనం కాగానే తీసి పారేసేవాళ్ళు. ఎవరూ కడిగి దాచుకోలేదు. ఆకుని పశువు తినేది, లేకపోతే అదే మట్టిలో కలిసిపోయేది. పది నిమిషాల పనికి కొద్ది రోజుల్లో కుళ్ళిపోయే వస్తువు, ఏళ్ళ తరబడి పనికి ఇత్తడో కంచో స్టీలో. లెక్క సరిపోయింది. ఇప్పుడు పది నిమిషాల బిర్యానీకి ఎన్నో ఏళ్ళపాటు చెక్కుచెదరని డబ్బా ఇస్తున్నారు. మా అమ్మ చేసేది ఆ తేడాని వీలైనంత సరిచేయడమే, తను ఆ మాటల్లో చెప్పదు గానీ.

మాది గుడివాడ. మా వంటింట్లో గ్యాస్ బండ పైన ఒక అర మొత్తం ఇలాంటి డబ్బాలదే. హార్లిక్స్ గాజు సీసాలో కందిపప్పు, పెరుగు డబ్బాలో పోపు దినుసులు, నెయ్యి సీసాలో మెంతులు, స్వీట్ బాక్సులో ఎండుమిర్చి. తలుపు వెనక మేకుకి పూల పొట్లాల దారాలు, రబ్బరు బ్యాండ్లు. ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి విప్పి పెరట్లో వడియాలు పెట్టేటప్పుడు కింద పట్టాగా వేస్తుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి అర ఒకటి ఉండే ఉంటుంది. చూసేవాళ్ళకి చేతికి దొరికిందల్లా దాచినట్టు కనిపిస్తుంది. దగ్గరుండి గమనిస్తే దానికి మూడు కచ్చితమైన రూల్స్ ఉన్నాయి. అమ్మ ఎప్పుడూ రాసి పెట్టలేదు, అడిగితే "రూల్సేంటే, మొహం" అంటుంది. నేను రాస్తున్నాను.

మొదటి రూల్ - వాసన. డబ్బాని సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఒక రాత్రి మూత పెట్టి ఉంచుతుంది. పొద్దున్నే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. పాత వాసన వస్తే అది వంటింటి ఉద్యోగానికి ఫెయిల్. ఇది చాదస్తం కాదు. ప్లాస్టిక్ నూనెనీ మసాలా వాసననీ కొంచెం కొంచెంగా లోపలికి పీల్చుకుంటుంది. గాజు పీల్చుకోదు. అందుకే ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నిసార్లు తోమినా ఆవకాయ డబ్బానే, గాజు సీసా మాత్రం ఒక్క కడుగుతో మళ్ళీ కొత్తది.

రెండో రూల్ - మెట్టు దిగడమే గానీ ఎక్కడం లేదు. ఇది నాకు బాగా నచ్చిన రూల్. తినే వస్తువు ఉన్న డబ్బా ముందు పప్పులకి వెళ్తుంది. గీతలు పడ్డాక బట్టల క్లిప్పులకి, మేకులకి. ఇంకా పాతబడితే అడుగున చిల్లులు పెట్టి తులసి నారుకి. అక్కణ్ణుంచి పాత సామాన్ల అతనికి. కానీ ఒకసారి మేకులు పెట్టిన డబ్బా మళ్ళీ పప్పుల అరకి రాదు. ఫినాయిల్ ఉన్న సీసా జన్మలో వంటింటి గడప తొక్కదు. దీనికి ఇంకో భాగం కూడా ఉంది: కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్ లాంటివి పోయనే పోయదు, కొంచెం సేపటికి కూడా. చిన్నపిల్లలు సీసాని చూసి తాగుతారు గానీ లేబుల్ చదివి తాగరు. అలా పొరపాటున తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు. మీ ఇంట్లో ఈ ఒక్క అలవాటు ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి ముందు ఆ సీసా మార్చండి, మిగతాది తర్వాత చదవచ్చు.

సీఎస్‌ఈ వాళ్ళకి ఇది ప్రివిలేజ్ లెవెల్స్ లాగా అర్థమవుతుంది. ఒక ప్రాసెస్ తన పర్మిషన్లు వదిలేసుకోవచ్చు, వదిలేశాక మళ్ళీ తనంతట తాను తెచ్చుకోలేదు. సిస్టమ్ సేఫ్‌గా ఉండేది అందుకే.

మూడో రూల్ - ఉన్న చోటే చోటు. అర ఒక్కటే. కొత్త డబ్బా వస్తే పాతది ఒకటి మెట్టు దిగాలి. ఇది లేకపోతే పొదుపు కాస్తా పోగేయడం అవుతుంది. మేము క్లాసులో చదువుకునే ఆబ్జెక్ట్ పూల్ కూడా ఇదే పద్ధతి. కొత్తది తయారు చేయడానికి ఖర్చు ఎక్కువ కాబట్టి పాతవాటిని కొన్ని సిద్ధంగా ఉంచుకుంటాం, కానీ ఎన్ని అనేదానికి ఒక లిమిట్ పెడతాం. లిమిట్ లేకుండా ఉంచుకుంటూ పోతే దాన్ని మెమరీ లీక్ అంటారు. వాడరు, వదలరు. ఇల్లు స్లో అయిపోతుంది.

ఇక డబ్బా అడుగున ఉండే నంబరు గురించి చెప్పాలి. ఇది నేను నేర్చుకుని అమ్మకి చెప్పిన సంగతి. చాలా ప్లాస్టిక్ డబ్బాలు తిరగేస్తే త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె కనిపిస్తుంది. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఈ అంకె మార్కులు కాదు, ర్యాంకు కాదు. రీసైక్లింగ్ కోసం వేరు చేసేవాళ్ళకి అది ఏ రకం ప్లాస్టికో చెప్పడానికి పెట్టింది. కానీ రకం తెలిస్తే దాని స్వభావం మనకీ తెలుస్తుంది.

1 అంటే పెట్. వాటర్ బాటిళ్ళు, కూల్‌డ్రింక్ సీసాలు. దాదాపు 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. వేడి నీళ్ళు పోస్తే సీసా వంకర తిరిగేది అందుకే. చల్లటి పొడి వస్తువులకి పరవాలేదు, వేడి రసానికి పనికిరాదు. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి లోపల చెయ్యి పెట్టి తోమలేం, రోజుల తరబడి నీళ్ళు నింపుకుంటూ పోతే లోపల జిగురు పొర కడుతుంది.

2 కొంచెం మందంగా, పాలరంగులో ఉండే హెచ్‌డీపీఈ. షాంపూ, ఫినాయిల్ సీసాలు ఎక్కువగా ఇదే. 3 పీవీసీ, పైపుల రకం, తిండికి వద్దు. 4 ఎల్‌డీపీఈ, పల్చటి కవర్ల జాతి, మన పాల ప్యాకెట్ దీని చుట్టమే. 5 పాలీప్రొపిలీన్. పెరుగు డబ్బాలు, బిర్యానీ పార్సిల్ డబ్బాలు చాలావరకు ఇదే. దాదాపు 160 డిగ్రీల దాకా కరగదు కాబట్టి దాచుకోడానికి ఉన్నవాటిలో ఇదే నయం. అయినా గీతలు పడితే, పసుపు పట్టేస్తే మెట్టు దించాల్సిందే. 6 పాలీస్టైరీన్, థర్మాకోల్ కూడా ఇదే, వేడికీ నూనెకీ ఓర్చుకోదు. 7 అంటే మిగతావన్నీ. ఏముందో ఆ అంకె చెప్పదు కాబట్టి తిండికి వాడకపోవడమే మంచిది.

నేను ఈ అంకెలు చదివి చెప్తుంటే అమ్మ తన అర మొత్తం దింపి ఒక్కో డబ్బా తిరగేసి చూసింది. విచిత్రం ఏంటంటే ముక్కుతో, చేత్తో చూసి తను పప్పులకి ఉంచిన డబ్బాల్లో ఎక్కువ భాగం గాజు, లేదా 5. నొక్కితే సొట్టపడేవి, వేడి నీళ్ళకి ముడుచుకునేవి ఎప్పుడో మేకుల అరకి వెళ్ళిపోయాయి. పుస్తకం లేకుండానే సార్టింగ్ జరిగిపోయింది.

అయితే అమ్మ చేసేవన్నీ కరెక్టే అని రాస్తే అది వ్యాసం కాదు, భజన. రెండు అలవాట్ల దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది.

ఒకటి న్యూస్‌పేపర్. బజ్జీలు తీయగానే పేపర్ మీద వేస్తే నూనె పీల్చేసుకుంటుందని తరతరాల నమ్మకం. నూనెతో పాటు ఇంకు ఇటు వస్తుందన్నది అసలు సమస్య. అచ్చు ఇంకులో రంగులు, సాల్వెంట్లు ఉంటాయి, సీసం లాంటి భారలోహాలు కూడా ఉండే అవకాశం ఉంది. వేడీ నూనే కలిస్తే అవి తిండిలోకి దిగడం ఇంకా తేలిక. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో తిండి పదార్థాలు చుట్టడానికి, దాచడానికి న్యూస్‌పేపర్ వాడకూడదని నిషేధించింది.

రెండోది వేయించిన నూనె. గారెలు వండిన నూనెని వడకట్టి సీసాలో పోసి, మళ్ళీ పండక్కి దాంట్లోనే అరిసెలు. నూనె మళ్ళీ మళ్ళీ కాగే కొద్దీ విరిగిపోయి పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం, 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అది హోటళ్ళకి పెట్టిన నియమమే గానీ నూనెకి అది హోటలో ఇల్లో తెలీదు కదా. మా నాన్నకి కొలెస్ట్రాల్ మందులు మొదలై రెండేళ్ళయింది. ఇక్కడ మిగిలే ఆ పావులీటరు నూనె ఖరీదు, మందుల చీటీ ఖరీదు పక్కపక్కన పెట్టి చూపించాను.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "మా అమ్మ ఇలాగే చేసింది, డెబ్బై నాలుగేళ్ళు, రాయిలా ఉంది" అంది. నేను వాదించలేదు. తన రూల్‌నే తనకి చెప్పాను: "అమ్మా, నూనె కూడా మెట్టు దిగాలి కదా. వేపుడు నుంచి పోపుకి దిగాలి, మళ్ళీ వేపుడుకి ఎక్కకూడదు." కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు గారెలకి మూకుడులో నూనె తక్కువ పోస్తుంది, మిగిలింది ఒకటి రెండు రోజుల్లో కూరల్లో అయిపోగొడుతుంది. బజ్జీలకి కింద చిల్లుల పళ్ళెం పెడుతుంది, న్యూస్‌పేపర్ చెత్తబుట్ట అడుక్కి వెళ్ళింది. అదీ రీయూజే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత చేస్తే ఎంత మిగులుతుంది? లెక్కలు వేశాను, కొంచెం ఆశ్చర్యపోయాను.

మా ఇంట్లో రోజుకి రెండు అరలీటర్ పాల ప్యాకెట్లు. ఏడాదికి 730. వంటింటి కాటా మీద పది ఖాళీ ప్యాకెట్లు పెడితే 28 గ్రాములు తూగాయి. అంటే ఏడాదికి దాదాపు రెండు కిలోలు. మా వీధికొచ్చే పాత సామాన్ల అతను కిలోకి 15 రూపాయలు ఇస్తాడు. వెరసి 30 రూపాయలు. ఒక్కో ప్యాకెట్ కడిగి ఆరేయడానికి 20 సెకన్లు పడుతుందనుకుంటే ఏడాదికి నాలుగు గంటలు. నాలుగు గంటల పనికి 30 రూపాయలు! డబ్బు కోసమే అయితే ఇది శుద్ధ దండగ.

మరెందుకు కడగాలి? కడగని పాల ప్యాకెట్ మర్నాటికల్లా కంపు కొడుతుంది, ఆ వాసనకి కుక్కలూ ఆవులూ వచ్చి చెత్త సంచి చింపేస్తాయి. మురికి ప్లాస్టిక్‌ని రీసైక్లింగ్‌కి తీసుకునేవాళ్ళు తక్కువ, పొడిగా శుభ్రంగా ఉంటే తీసుకుంటారు. ఇంకో చిన్న సంగతి. అమ్మ ప్యాకెట్ మూలని పూర్తిగా కత్తిరించదు, కొంచెం అంటిపెట్టుకుని ఉండేలా గాటు పెడుతుంది. ముక్క పాలల్లో పడుతుందని తన భయం. కానీ ఆ చిన్న ముక్కలు విడిపోతే ఏ చెత్త ఏరేవాళ్ళ చేతికీ చిక్కవు, నేరుగా కాలవలోకే.

డబ్బాల సంగతి వేరు. అరలో 22 ఉన్నాయి. ఒక్కోటి 60 రూపాయలు పెట్టి కొనాలనుకుంటే 1,320. కానీ అది ఒకసారి మిగిలేదే, ప్రతి ఏడూ కాదు. ఇంక చెత్తబుట్ట కవర్లు. బట్టల షాపుల కవర్లు, న్యూస్‌పేపర్ మడతలు వాడి అమ్మ ఎప్పుడూ కవర్ల రోల్ కొనలేదు. నెలకి 90 రూపాయల రోల్ అనుకుంటే ఏడాదికి 1,080. అన్నిటికంటే చవకగా కనిపించే కవరు దగ్గరే అన్నిటికంటే ఎక్కువ మిగిలింది! దీన్నుంచి నాకు అర్థమైంది ఇది: దాచింది అమ్మితే ఏమీ రాదు. మాటిమాటికీ కొనే వస్తువుని కొనకుండా చేసినప్పుడే పాత వస్తువు నిజంగా డబ్బు మిగులుస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న పనిచేసే షాపు మూతపడింది. ఇంకో పని దొరకడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ నా ఇంగ్లీష్ మీడియం స్కూలు ఫీజు ఒక్క టర్మ్ కూడా ఆగలేదు. ఈ లెక్కలు వేశాక అమ్మని అడిగాను, అప్పుడు ఇవన్నీ పనికొచ్చాయా అని. "డబ్బాలతో ఫీజు కట్టలేదే పిచ్చిదానా, గాజులు పెట్టాం" అంది. కాసేపాగి, "కానీ కొనకుండా ఉండటం ముందే అలవాటు కాబట్టి, ఆ నెలల్లో మీకెవరికీ ఏదీ తగ్గినట్టు తెలీలేదు. అదీ దాని ఉపయోగం" అంది. ఆ ఒక్క మాట నా లెక్కల్లో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. గాజుల సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

హాస్టల్‌కి వచ్చాక ఈ అలవాట్లు ఎప్పుడు అంటుకున్నాయో చెప్పలేను. మా వరంగల్ రూమ్మేట్ నా షెల్ఫ్ చూసి "ఏందే ఇది, కిరాణా దుకాణమా?" అంటుంది. రెండు నెలల తర్వాత పచ్చడికి గాజు సీసా అడిగింది కూడా తనే. హాస్టల్లో పనికొచ్చేవి కొన్ని చెప్తాను.

పచ్చడికి గాజు సీసానే వాడండి. రేకు మూత అయితే ఉప్పు తగిలి తుప్పు పడుతుంది, అందుకే ముందు శుభ్రమైన పల్చటి గుడ్డతో వాసెన కట్టి ఆ పైన మూత పెట్టండి. జాడీకి మన పెద్దవాళ్ళు చేసిందే. ల్యాబ్ ప్రింటౌట్లలో ఒకవైపు ఖాళీ ఉన్నవి క్లిప్ పెట్టి ఉంచితే సెమిస్టర్‌కి సరిపడా చిత్తు పుస్తకం. పాత టూత్‌బ్రష్ కీబోర్డ్ సందుల్లో దుమ్ముకి భలే పనికొస్తుంది (సిస్టమ్ ఆఫ్ చేసి). షూ డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు గాలిలో తేమని పట్టేస్తాయి, పెన్‌డ్రైవ్‌లు, ఇయర్‌ఫోన్లు ఉండే డబ్బాలో వేయండి, తిండి డబ్బాలో మాత్రం వద్దు. పార్సిల్ డబ్బాల్లో 5 ఉన్నవి మూడో నాలుగో చాలు. పదోది వచ్చిందంటే సమస్య డబ్బాలది కాదు, ఆర్డర్లది.

ప్రభుత్వం కూడా తన వంతు చేసింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదనే నియమం 2022 డిసెంబరు 31 నుంచి ఉంది. మందంగా చేసింది మళ్ళీ మళ్ళీ వాడతారనే. మందం కవరుని కూడా ఒక్కసారికే పారేస్తే ఇంకా ఎక్కువ ప్లాస్టిక్ పారేసినట్టే కదా. చట్టం కవరుని మందంగా చేయగలదు, మడిచి బ్యాగులో పెట్టుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

చివరిగా ఒక పని. ప్రతి మేలో ఫైనలియర్ అక్కలు, అన్నలు రూములు ఖాళీ చేసేటప్పుడు కారిడార్ చివర ఒక గుట్ట తయారవుతుంది: బకెట్లు, మగ్గులు, హ్యాంగర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, సగం వాడిన లాంగ్‌బుక్స్. ఆగస్టులో ఫస్టియర్ పిల్లలు వచ్చి అవే వస్తువులు గేటు ముందు షాపులో కొత్తవి కొంటారు. వాళ్ళలో కొందరి ఇళ్ళల్లో ఆ నెల ఎలా గడుస్తోందో మనకి తెలీదు, వాళ్ళూ చెప్పరు. ఈ మేలో గుట్ట వేసే బదులు కడిగి, ఆరబెట్టి, మీ ఫ్లోర్‌లో ఒక మూల వరసగా పెట్టి వెళ్ళండి. ఆగస్టు దాకా వాటిని చూసుకోడానికి ఏ బ్లాకులోనైనా ఎవరైనా ఒకరు ముందుకొస్తే చాలు. మా బ్లాకులో ఆ ఒకరు నేను. వాసన చూసే బాధ్యత కూడా నాదే.